గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ని ఓవర్‌క్లాక్ చేయడం, సెల్లు మిగుల్చుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

మా అన్నయ్య కూతురు గచ్చిబౌలి వైపు ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఐబీ చదువుతోంది, వాళ్ళకి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ లేకుండా లెక్కల క్లాసు నడవదు. మొన్న వేసవి సెలవుల్లో దాన్ని పట్టుకొచ్చి నా ముందు పెట్టి "బాబాయ్, నేను రాసిన ప్రోగ్రాం అయ్యేలోపు నువ్వు చాయ్ తాగి రావచ్చు, దీన్ని కొంచెం పరిగెత్తించవా" అంది. పరిగెత్తించడం తేలికే, ఓవర్‌క్లాక్ చేయాలి, అంటే చిప్ లోపలి గడియారం టిక్కుల్ని కంపెనీ పెట్టిన వేగం కన్నా పెంచాలి, పది నిమిషాల పని. వారం తర్వాత ఫోన్ వచ్చింది: "బాబాయ్, సెల్లు అయిపోయాయి."

స్పీడు పెంచితే సెల్లు తొందరగా అయిపోతాయి అని అందరూ అనేస్తారు, నేనూ అదే అన్నాను. తర్వాత మీటరు పెట్టి చూస్తే విషయం అంత సూటిగా లేదు. ఒక్క పనిని మాత్రమే చూస్తే ఓవర్‌క్లాక్ చేసిన మిషనే తక్కువ తినొచ్చు. పని అయిపోయాక కూడా దాన్ని అదే స్పీడులో వెలిగించి పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే మాత్రం బొక్క. ఈ తేడా మీ మిషన్ మీద మీరే కొలిచి చూసుకునేలా రాశాను, కాబట్టి కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి

ఇంజనీరింగ్ చదివిన మనందరి బ్యాగుల్లో తిరిగిన కాసియో 991 ఈ లెక్కలోకి రాదు, అది సైంటిఫిక్ కాలిక్యులేటర్, దాంట్లో బయటి ప్రోగ్రాం ఎక్కించే దారే లేదు. నేను ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కాసియో ఎఫ్ఎక్స్-సీజీ50 గురించి. 2017లో వచ్చిన కలర్ మోడల్, నాలుగు ట్రిపుల్ ఏ సెల్లు, అంటే మనం టీవీ రిమోట్లో వేసే సన్న సెల్లు. దీని అన్న ఎఫ్ఎక్స్-సీజీ20 ఉన్నా దాదాపు ఇదే పద్ధతి, అంకెలే వేరు.

మిగతావాటి గురించి గబగబా చెప్పేస్తాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఐ-83 ప్లస్‌లో జడ్80 ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 60 లక్షల టిక్కులతో నడుస్తుంది, దాని గడియారం క్రిస్టల్ కాదు, ఒక చిన్న కెపాసిటర్ మీద ఆధారపడ్డ ఆసిలేటర్. ఆ కెపాసిటర్ తీసేసి తక్కువ విలువది అతికిస్తే స్పీడు పెరుగుతుంది, కానీ సోల్డరింగ్ చెయ్యి తిరిగిన వాళ్ళకే అది, పైగా దాని ఎల్‌సీడీకి ఒక్కో రాతకి మధ్య కొంచెం విరామం కావాలి, స్పీడు పెరిగితే ఆ విరామం కరిగిపోయి తెర మీద ముగ్గులు వస్తాయి. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్‌కి ఈ తిప్పలు అక్కర్లేదు, 15 మెగాహెర్ట్జ్‌ అందులోనే ఉంది. కలర్ తెర టీఐ-84 ప్లస్ సీఈ ఉన్నవాళ్ళు 48 మెగాహెర్ట్జ్‌తో సంతృప్తి పడండి. టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ అయితే 132 మెగాహెర్ట్జ్, దానికి ఎన్‌డ్‌లెస్ అనే జైల్‌బ్రేక్ (కంపెనీ తాళం తీసే ప్రోగ్రాం) వేసి ఆ పైన నోవర్ అనే ప్రోగ్రాం వాడతారు. అందులో సెల్లు కాదు, చార్జ్ చేసే లిథియం బ్యాటరీ.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ హెచ్‌పీ 50జీ. దాంట్లో ఉన్న శాంసంగ్ చిప్ 203 మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళగలదు, కంపెనీ మాత్రం 75 దగ్గరే కట్టేసి అమ్మింది. నన్నడిగితే అదంతా సెల్లు కాపాడుకోవడానికే. కాలిక్యులేటర్ తయారుచేసేవాళ్ళు చిప్ ఎంత పరిగెత్తగలదు అని చూడరు, నాలుగు సెల్లతో కుర్రాడు ఎన్ని నెలలు నెట్టుకొస్తాడు అని చూస్తారు. మనం ఓవర్‌క్లాక్ పేరుతో వాడుకునేది ఆ మిగిల్చి పెట్టిన జాగానే.

గడియారం లెక్క, ఇది అర్థమైతే సగం పని అయినట్టే

సీజీ50 లోపల ఉన్నది ఎస్‌హెచ్7305 అనే చిప్. దాని గడియారం మొదలయ్యేది ఒక బుల్లి క్రిస్టల్ దగ్గర, చేతి గడియారాల్లో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టలే. దాన్ని ఎఫ్ఎల్ఎల్ అనే సర్క్యూట్ 900 రెట్లు చేసి సగం చేస్తుంది, 14.7456 మెగాహెర్ట్జ్ వస్తుంది. దాన్ని పీఎల్ఎల్ అనే ఇంకో సర్క్యూట్ 16 రెట్లు చేస్తుంది, 235.93. ఇక ఇక్కడి నుంచి భాగహారాలు: సీపీయూకి సగం, అంటే 117.96. పాత సీజీ20లో ఇదే 235.93ని నాలుగుతో భాగించి 58.98 ఇచ్చేవాళ్ళు. చిప్ కుటుంబం అదే, పై లెక్కంతా అదే, చివర్లో భాగహారం ఒక్కటే మారింది. కంపెనీ కొత్త మోడల్ అని అమ్మినదాంట్లో మన ఓవర్‌క్లాకింగ్ లాంటిది కొంత ఉందన్నమాట!

ఇప్పుడు పీఎల్ఎల్‌ని 16 నుంచి 20కి పెంచారనుకోండి. 14.7456 ఇంటూ 20, అంటే 294.9, సగం చేస్తే 147.46 మెగాహెర్ట్జ్. అదే 26కి పెడితే 191.69. బాగుంది కదా అని అక్కడితో ఆగకండి, ఎందుకంటే ఆ పెద్ద అంకె నుంచే మెమరీకి వెళ్ళే బస్సు (చిప్ భాగాల మధ్య డేటా తిరిగే దారి) గడియారం, టైమర్లు, కేబుల్ పోర్టు లాంటి వాటి గడియారం కూడా పుడతాయి. పీఎల్ఎల్ పెంచితే ఇంటిల్లిపాదీ పరిగెత్తాల్సిందే.

మెమరీకి వెయిట్ స్టేట్ అని ఒక గడువు ఉంటుంది. సీపీయూ ఒక విలువ అడిగితే మెమరీ వెతికి ఇచ్చేదాకా ఇన్ని టిక్కులు ఆగు అని. బస్సుకి వెళ్ళేది ఆ పెద్ద అంకెలో నాలుగో వంతు అనుకోండి: పీఎల్ఎల్ 16 అయితే 58.98 మెగాహెర్ట్జ్, ఒక టిక్కు దాదాపు 17 నానోసెకన్లు, 20 అయితే 73.7, టిక్కు 13.6. గడువు టిక్కుల్లో ఉంటుంది కాబట్టి స్పీడు పెంచగానే మెమరీకి దొరికే అసలు సమయం మనకి తెలియకుండానే తగ్గిపోతుంది. హ్యాంగ్ అయ్యే మిషన్లు ఎక్కువగా ఇక్కడే హ్యాంగ్ అవుతాయి, సీపీయూ పాపం కాదు.

మొదటి పని: బ్యాకప్, కేబుల్, ప్రోగ్రాం

మెయిన్ మెనూలో మెమరీ మోడ్‌లోకి వెళ్ళి మెయిన్ మెమరీని బ్యాకప్ తీయండి. ఆ బ్యాకప్ ఫైల్ని కంప్యూటర్లోకి కూడా కాపీ చేసుకోండి, కాలిక్యులేటర్ లోపలే ఉన్న బ్యాకప్ కాలిక్యులేటర్ చెడిపోతే ఎవరికీ పనికిరాదు. నేను మొదటిసారి ఇది చేయలేదు. పిల్ల టర్మంతా రాసుకున్న ప్రోగ్రాములు రెండు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయాయి, ఆ లొల్లి దసరా దాకా నడిచింది.

కేబుల్ మినీ-బీ రకం, పాత డిజిటల్ కెమెరాలకి వచ్చేది. ఇంట్లో లేకపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో అడగండి, కానీ డేటా కేబులేనా అని రెండుసార్లు అడగండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కూడా అదే మొహంతో ఉంటాయి. గుచ్చగానే కాలిక్యులేటర్ తెర మీద ఏ రకం కనెక్షన్ కావాలో అడుగుతుంది, ఎఫ్1 నొక్కితే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది.

సీజీ50కి కావాల్సిన ప్రోగ్రాం పేరు పీట్యూన్3. సీజీ10, సీజీ20లకి పీట్యూన్2. నలుపు తెలుపు 9860 సిరీస్ వాళ్ళకి ఎఫ్‌ట్యూన్ అని దీని బంధువు ఉంది, అందులోనూ మీ మోడల్‌కి సరిపడిందేదో చూసి తీసుకోవాలి. జపాన్‌కి చెందిన ఒక హాబీ ప్రోగ్రామర్ ఉచితంగా రాసిపెట్టినవి ఇవన్నీ, ప్లానెట్ కాసియో అనే ఫ్రెంచ్ సైట్లో దొరుకుతాయి. ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌లో మాత్రం వేయకండి, గడియారం రిజిస్టర్లలోకి (చిప్ లోపల సెట్టింగులు ఉండే గడుల్లోకి) నేరుగా రాసే ప్రోగ్రాం అది, "చూద్దాం ఏమవుతుందో" అనే ఆటలు దానితో వద్దు.

దించుకున్న డాట్ జీ3ఏ ఫైల్ని ఆ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పైనే కాపీ చేయండి. కంప్యూటర్లో ఇజెక్ట్ కొట్టి, కాలిక్యులేటర్ తన పని ముగించేదాకా ఆగి అప్పుడు కేబుల్ లాగండి. మెయిన్ మెనూలో కిందికి వెళ్తే కొత్త ఐకాన్ కనిపిస్తుంది.

రెండో పని: స్పీడు ముట్టుకోకుండా ఒక పరుగు

చాలామంది నేరుగా స్పీడు పెంచేస్తారు, తర్వాత ఎంత పెరిగింది అని అడిగితే "బాగా పెరిగింది" అంటారు. అలా కాదు. ప్రోగ్రాం మోడ్‌లో ఒక చిన్న లూప్ రాయండి: ఒకటి నుంచి ఇరవై వేల దాకా ఒక్కో సంఖ్యకి సైన్ విలువ తీసి కూడుతూ పోవాలి, చివర్లో మొత్తం చూపించాలి, అంతే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మొదలుపెట్టండి. రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఎన్ని సెకన్లు పట్టింది, చివర వచ్చిన మొత్తం ఎంత.

మొత్తం ఎందుకంటారా? స్పీడు పెంచాక కాలిక్యులేటర్ ఆగిపోతే ఆగిపోయిందని తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబు ఇస్తే ఎలా తెలుస్తుంది? ఓవర్‌క్లాక్ చేసిన తర్వాత అదే లూప్ అదే మొత్తాన్ని చివరి అంకెదాకా ఇవ్వాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ స్పీడు మీకు పనికిరాదు. గేమింగ్ పీసీలో ఒక పిక్సెల్ రంగు తప్పితే ఎవరికీ పట్టదు, ఇది లెక్కల మిషన్.

ఇంకోటి, ఈ మొదటి పరుగు, తర్వాతి పరుగులు అన్నీ ఒకే సెల్లతో, ఒకే బ్రైట్‌నెస్‌తో, కేబుల్ పీకేసి చేయండి.

మూడో పని: మెట్టు మెట్టుగా పెంచడం

పీట్యూన్ తెరవగానే ఇప్పుడున్న అంకెలన్నీ కనిపిస్తాయి: ఎఫ్ఎల్ఎల్, పీఎల్ఎల్, సీపీయూ, బస్సు, పెరిఫెరల్, వాటి కింద మెమరీ గడువులు. కింది వరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా తయారుగా పెట్టిన సెట్టింగులు ఉంటాయి. ఎఫ్1 అంటే కంపెనీ సెట్టింగ్, ఇంటికి తిరిగొచ్చే దారి అది, ముందు దాన్నే గుర్తు పెట్టుకోండి.

మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా, ఆ తయారు సెట్టింగుల్లోంచి ఒకటి తీసుకోండి, ఎందుకంటే వాటిలో స్పీడుతోపాటు మెమరీ గడువులు కూడా సర్దిపెట్టి ఉంటాయి. అన్నీ చేత్తోనే మారుస్తాను అంటారా, సరే, అయితే ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు మెమరీ గడువుల్ని ఒక టిక్కు వదులు చేయండి, తర్వాత పీఎల్ఎల్ ఒక మెట్టు పెంచండి, బయటికొచ్చి లూప్ నడపండి, మొత్తం సరిపోయిందా చూడండి. సరిపోతే ఇంకో మెట్టు. ఎక్కడో ఒకచోట తెర గడ్డకడుతుంది, లేదా మొత్తం తప్పుతుంది. అక్కడి నుంచి ఒక మెట్టు కాదు, రెండు మెట్లు కిందికి దిగండి.

రెండు ఎందుకంటే వేడి. సిలికాన్ వేడెక్కితే ట్రాన్సిస్టర్లు కొంచెం బద్ధకిస్తాయి, డిసెంబర్ రాత్రి బాల్కనీలో నిలబడ్డ స్పీడు మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీల్లో నిలబడకపోవచ్చు. నేను ఏసీ గదిలో కూర్చుని పరీక్షించి బాగుంది అని పిల్లకి ఇచ్చేశాను, స్కూల్ బస్సులో హ్యాంగ్ అయిపోయింది. కాబట్టి చివరి పరీక్ష మన ఎండలోనే, కరెంటు పోయిన మధ్యాహ్నం అయితే ఇంకా మంచిది, ఇరవై నిమిషాలు ఆపకుండా. కాలిక్యులేటర్ కాలిపోతుందేమో అని టెన్షన్ మాత్రం వద్దు, ఈ చిప్ తాగే కరెంటుకి వెనక మూత గోరువెచ్చబడటం కూడా కష్టమే. కారు డాష్‌బోర్డ్ మీద ఎండలో వదిలేస్తే మాత్రం ఓవర్‌క్లాక్ లేకపోయినా తెర పాడవుతుంది, సెల్లు కారతాయి.

హ్యాంగ్ అయితే ఏం చేయాలి? వెనకాల రీస్టార్ట్ అని ఒక చిన్న బొక్కలో మీట ఉంటుంది, సన్నటి పుల్లతో నొక్కండి. గడియారం రిజిస్టర్లు మొదటి స్థితికి వచ్చేస్తాయి, కంపెనీ స్పీడుతో లేస్తుంది. కొన్నిసార్లు దానికి ముందే సిస్టమ్ ఎర్రర్ అని తెర వచ్చి రీబూట్, ఇనిషియలైజ్ అని రెండు దార్లు చూపిస్తుంది. ఇనిషియలైజ్ అంటే అంతా తుడిచేయడం. కంగారులో ఏదో ఒకటి నొక్కేస్తాం కదా, నేను అలాగే నొక్కాను, పైన చెప్పిన లొల్లి అక్కడ మొదలైందే. తెర చదివి రీబూట్ నొక్కండి.

ఎక్కువ స్పీడులో ఉన్నప్పుడు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. కేబుల్ గుచ్చడం, స్టోరేజ్‌లోకి ఫైళ్ళు రాయడం, ఓఎస్ అప్‌డేట్. ఇవన్నీ ఫ్లాష్ మెమరీలోకి రాసే పనులు. చదివేటప్పుడు తప్పు జరిగితే రీస్టార్ట్‌తో పోతుంది, రాసేటప్పుడు తప్పు జరిగితే ఆ తప్పు అక్కడే ఉండిపోతుంది. అందుకని కేబుల్ చేతిలోకి తీసుకునే ముందు పీట్యూన్ తెరిచి ఎఫ్1.

నాలుగో పని: కరెంటు కొలవడం

ఇక్కడే నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి.

అందరికీ ముందు తోచేది మల్టీమీటర్‌ని మిల్లీయాంపుల రేంజ్‌లో పెట్టి సెల్లకి సిరీస్‌లో కలపడం. నేనూ అదే చేశాను. లూప్ మొదలుపెట్టగానే కాలిక్యులేటర్ ఆరిపోయేది. స్పీడు తగ్గించాను, మళ్ళీ ఆరిపోయింది. ఎఫ్1 పెట్టినా ఒకోసారి ఆరిపోయింది! మిషన్ చెడగొట్టానని గుండె జారిపోయింది. చివరికి తేలిందేంటంటే దోషం మీటరుది. చవక మల్టీమీటర్లలో 200 మిల్లీయాంపుల రేంజ్ అంటే లోపల దాదాపు ఒక ఓమ్ రెసిస్టర్, ఆ పైన ఫ్యూజు, ఆ పైన సన్నటి తీగలు, నేను కాగితం మడిచి ఇరికించిన వదులు కాంటాక్టు. సగం వాడేసిన సెల్లు అసలే నీరసంగా ఉంటే, మధ్యలో వీటన్నిటి మీదా వోల్టేజ్ పడిపోయి కాలిక్యులేటర్‌కి అందాల్సింది అందలేదు.

సరైన పద్ధతి ఇది. కోఠీ గుజరాతీ గల్లీలో 0.1 ఓమ్ రెసిస్టర్ ఒకటి, కొంచెం కాపర్ టేపు తెచ్చుకోండి, ఖర్చు చాయ్ సమోసా అంత. విజిటింగ్ కార్డు ముక్కకి రెండు వైపులా కాపర్ టేపు అంటించండి, రెండు వైపులూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఆ రెండు టేపుల మధ్య రెసిస్టర్‌ని పొట్టి, లావుపాటి తీగలతో సోల్డర్ చేయండి. ఈ ముక్కని ఒక సెల్లు మైనస్ వైపుకీ స్ప్రింగ్‌కీ మధ్య దోపండి. ఇప్పుడు కరెంటంతా ఆ రెసిస్టర్ గుండానే పోవాలి. మల్టీమీటర్‌ని 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి రెసిస్టర్ రెండు కొనల మీద పట్టుకోండి. మీటరు 10.0 చూపిస్తే 100 మిల్లీయాంపులు, అంటే వచ్చిన అంకెని పదితో గుణించడమే. 100 మిల్లీయాంపుల దగ్గర కూడా పోయే వోల్టేజ్ వోల్టులో నూరో వంతు, కాలిక్యులేటర్‌కి తెలియను కూడా తెలియదు.

నాలుగు సందర్భాల్లో కొలవండి: కంపెనీ స్పీడులో ఊరికే మెనూ చూపిస్తూ ఉన్నప్పుడు, అదే స్పీడులో లూప్ నడుస్తున్నప్పుడు, ఓవర్‌క్లాక్‌లో ఊరికే ఉన్నప్పుడు, ఓవర్‌క్లాక్‌లో లూప్ నడుస్తున్నప్పుడు. కుదిరితే బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఇంకోసారి, అప్పుడు ఆశ్చర్యపోతారు, మీరు తిట్టుకుంటున్న సీపీయూ పక్కన తెర వెనక దీపం ఎంత తింటోందో కనిపిస్తుంది.

ఐదో పని: లెక్క వేయడం

లెక్క ఎలా వేయాలో చూపించడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను, ఇవి నా మిషన్ కొలతలు కావు, మీవి మీరు పెట్టుకోండి. కంపెనీ స్పీడులో లూప్‌కి 60 సెకన్లు, ఆ సేపు 90 మిల్లీయాంపులు అనుకుందాం. 60 ఇంటూ 90, 5400. దాన్ని 3600తో భాగిస్తే 1.5 ఎంఏహెచ్ (మిల్లీయాంప్-గంటలు, సెల్లలోంచి పోయిన చార్జ్ కొలత). ఓవర్‌క్లాక్‌లో 30 సెకన్లు, 130 మిల్లీయాంపులు అనుకుందాం. 3900, అంటే 1.08 ఎంఏహెచ్. మీటరు మీద అంకె పెరిగింది, సెల్లలోంచి పోయింది మాత్రం తగ్గింది.

ఎందుకంటే ఆ 130లో కొంత మాత్రమే సీపీయూది. తెర, దీపం, మిగతా సర్క్యూట్ తినేది స్పీడుతో సంబంధం లేకుండా సెకనుకి ఇంత అని ఉంటుంది, పని సగం సేపట్లో అయిపోతే వాటి ఖర్చు సగమే. సీపీయూ విషయానికొస్తే, అది తినే పవర్ గడియారం వేగంతో సూటిగా, వోల్టేజ్‌తో అయితే వర్గంలో పెరుగుతుంది. కంప్యూటర్‌ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు వోల్టేజ్ కూడా పెంచుతారు కాబట్టి వాళ్ళకి కరెంటు బిల్లు వాచిపోతుంది. మనం వోల్టేజ్ ముట్టుకోవడం లేదు, పీట్యూన్ మార్చేది గడియారాన్నే. స్పీడు రెట్టింపు, సమయం సగం, ఒక లెక్కకి సీపీయూ తినేది ఇంచుమించు అంతే.

ఇప్పుడు రెండో సగం. లూప్ 30 సెకన్లలో అయిపోయింది, మిగతా 30 సెకన్లు జవాబు చూస్తూ కూర్చున్నారు, ఓవర్‌క్లాక్ అలాగే ఉంది. ఊరికే ఉన్నా బస్సు, పీఎల్ఎల్ అదే వేగంతో తిరుగుతూనే ఉంటాయి, 80 మిల్లీయాంపులు అనుకుందాం. 30 ఇంటూ 80, ఇంకో 2400. మొత్తం 6300, అంటే 1.75 ఎంఏహెచ్. అదే అరవై సెకన్లకి కంపెనీ స్పీడు తిన్నది 1.5. గెలిచిందంతా పోయింది, పైన ఇంకొంచెం పోయింది. మా పిల్ల చేసింది సరిగ్గా ఇదే: హోంవర్క్ చేసే రెండు గంటల్లో కాలిక్యులేటర్ లెక్క చేసేది ఏ నాలుగు నిమిషాలో, మిగతా సేపంతా అది 190 మెగాహెర్ట్జ్‌లో మెనూ చూపిస్తూ ఉంది.

ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళు సెల్లు అయిపోయేదాకా నడిపి చూడొచ్చు. లూప్‌కి బయట ఇంకో లూప్ పెట్టి, ఒక్కో రౌండ్ అవ్వగానే రౌండ్ నంబర్ తెర మీద చూపించేలా రాయండి. నిండా చార్జ్ చేసిన నాలుగు సెల్లు వేసి, ఎదురుగా ఫోన్‌ని టైమ్‌ల్యాప్స్‌లో పెట్టండి, తెర మసకబారినా అంకెలు కనబడేలా ట్యూబ్‌లైట్ వెలగనివ్వండి. లో బ్యాటరీ అనగానే ఆపేయండి, చార్జబుల్ సెల్లని పూర్తిగా పీల్చేస్తే నాలుగింటిలో బలహీనమైనది పాడవుతుంది. తర్వాత వీడియోలో చూసుకుంటే రెండు జవాబులు దొరుకుతాయి: ఎన్ని గంటలు వచ్చింది, ఎన్ని రౌండ్లు చేసింది. ఈ రెండూ ఒకే వైపు మొగ్గు చూపాలని లేదు, గంటలు తగ్గి రౌండ్లు పెరగొచ్చు. ఎవరైనా "బ్యాటరీ సగానికి పడిపోయింది" అంటే గంటల్లోనా రౌండ్లలోనా అని అడగండి.

సెల్లన్నీ ఒకటి కాదు

కిరాణా షాపులో రిమోట్‌కి అని అడిగితే ఇచ్చే చవక సెల్లు కార్బన్ జింక్‌వి, మీద హెవీ డ్యూటీ అని గొప్పగా రాసి ఉంటుంది. ఓవర్‌క్లాక్‌కి కాదు కదా, మామూలుగా కూడా ఈ కాలిక్యులేటర్లో వేయకండి. ఆల్కలైన్ వేయండి, లేదా చార్జ్ చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్.

ఆల్కలైన్ సెల్లు కొత్తగా 1.5 వోల్టులతో మొదలై వాడేకొద్దీ జారుతూ పోతుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది. నాలుగు సెల్లకి కలిపి లోపల ఒక ఓమ్ ఉందనుకోండి, 130 మిల్లీయాంపులు లాగితే 0.13 వోల్టులు లోపలే పోతాయి. కాలిక్యులేటర్ సెల్లలో ఎంత మిగిలిందో చూడదు, వోల్టేజ్ ఎంత కనిపిస్తోందో చూస్తుంది. అందుకే ఓవర్‌క్లాక్‌లో లో బ్యాటరీ హెచ్చరిక ముందే వచ్చేస్తుంది, సెల్లు నిజంగా అయిపోకముందే. ఆ ఫోన్ వచ్చిన రోజు మా పిల్ల పడేయబోయిన నాలుగు సెల్లలో రెండు ఇప్పటికీ మా హాల్లో టీవీ రిమోట్‌ని నడుపుతున్నాయి.

చార్జబుల్ సెల్లు 1.2 వోల్టులే అయినా చివరిదాకా అక్కడే నిలబడతాయి, లోపలి రెసిస్టెన్స్ తక్కువ, ఎక్కువ కరెంటు లాగినా కుంగవు. ట్రిపుల్ ఏ సైజులో 750 నుంచి 800 ఎంఏహెచ్‌వి దొరుకుతాయి. వేశాక సిస్టమ్ మోడ్‌లోకి వెళ్ళి బ్యాటరీ సెట్టింగ్‌ని ఆల్కలైన్ నుంచి నికెల్‌కి మార్చండి, మార్చకపోతే బ్యాటరీ గుర్తు మీకు అబద్ధం చెబుతుంది. ఒకటి మార్చి మూడు ఉంచడం, పాతవి కొత్తవి కలపడం వద్దు, నాలుగూ ఒకేసారి.

రోజూ వాడేటప్పుడు

పిల్లకి నేను పెట్టిచ్చిన పద్ధతి ఇది. మామూలు హోంవర్క్‌కి ఎఫ్1, అసలు ఓవర్‌క్లాకే వద్దు, సైన్ కాస్ విలువ 0.2 సెకన్లలో వచ్చినా 0.1లో వచ్చినా మనిషికి ఒకటే. పెద్ద ప్రోగ్రాం, పైథాన్ స్క్రిప్ట్, ఒకదానిమీద ఒకటి ఐదారు గ్రాఫులు గీయాల్సినప్పుడు పీట్యూన్ తెరిచి స్పీడు పెంచి, పని చేసి, మళ్ళీ ఎఫ్1. బ్రైట్‌నెస్ రెండు మెట్లు తగ్గించాను. ఆటో పవర్ ఆఫ్ 60 నిమిషాలకి పెట్టుకుని కూర్చుంది, దాన్ని 10కి మార్చాను. సెల్లు మిగిలింది ఎక్కువగా ఈ చివరి రెండింటి వల్లే అని నా అనుమానం, కానీ బాబాయ్ హీరో అవ్వాలి కాబట్టి ఆ మాట తనతో అనలేదు.

పరీక్షల ముందు ఒక్క మాట. ఎగ్జామ్ మోడ్‌లో (పరీక్ష కోసం కొన్ని సౌకర్యాలు ఆపేసే మోడ్) ఇలాంటి బయటి ప్రోగ్రాములు ఎలాగూ తెరుచుకోవు, కాబట్టి ఎక్కువ స్పీడులో ఉండగా ఆ మోడ్‌లోకి వెళ్ళిపోతే మధ్యలో ఎఫ్1 నొక్కే దారి ఉండదు. ముందురోజు రాత్రే పీట్యూన్‌లో ఎఫ్1 కొట్టి, వెనక రీస్టార్ట్ నొక్కి, ఆ ఇరవై వేల లూప్ ఒకసారి నడిపి మొదట కాగితం మీద రాసుకున్న సెకన్లు, మొత్తం రెండూ సరిపోయాయా చూడండి. ఆ కాగితం మేం కాలిక్యులేటర్ కవర్ లోపలే అంటించాం. కొత్త ఆల్కలైన్ సెల్లు నాలుగు వేసి, ఇంకో నాలుగు పౌచ్‌లో పెట్టి పంపండి.